రెండు చిత్రాలు, ఒక బూటు లేసు

పీఠిక

ఈ నోటుపుస్తకాన్ని తెరిపించే అధికారం ఎవరికి ఉన్నదో ఈ దిగువ సంతకందారుకు తెలియదు. కనుక అట్టి అధికారం గల వారందరికీ సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా: ఇది స్వంత ఉపయోగార్థం రాసుకున్న దినచర్య. ఇందులోని తారీఖులు నిజమైనవి. తక్కిన విషయాలలో నిజాన్ని యథాశక్తి పాటించడమైనది. దీనిని కొండకు ఇవతలి చిత్రనిర్మాణ సంస్థ గాని, కొండకు అవతలి చిత్రనిర్మాణ సంస్థ గాని, వారి న్యాయవాదులు గాని, టులారే పట్టణంలో నివసించు మా అక్క వెర్లా గాని చదవరాదు. ఈ నిషేధాలలో చివరిది అన్నిటికంటే ముఖ్యమైనదని గమనించ ప్రార్థన.

వెండెల్ ప్రూయిట్, స్క్రిప్టు రీడరు, బర్బాంక్, కాలిఫోర్నియా.

1997 ఫిబ్రవరి 18, మంగళవారం

సినిమా వ్యాపార పత్రిక మూడో పేజీలో ఈ ఉదయం రెండు వార్తలు పక్కపక్కన అచ్చయ్యాయి. ఇవతలి సంస్థ “ఎనిమిదో తూము” అనే చిత్రాన్ని జూలై మొదటి వారంలో విడుదల చేయనున్నది. అందులో కాలిఫోర్నియా లోయలో ఒక పాత ఆనకట్ట తెగుతుంది. అవతలి సంస్థ “పొగమంచులో వరద” అనే చిత్రాన్ని జూలై రెండో వారంలో విడుదల చేయనున్నది. అందులో కూడా కాలిఫోర్నియా లోయలో ఒక పాత ఆనకట్ట తెగుతుంది.

ఇందులో వింత ఏమీ లేదు. ఈ ఊళ్ళో ఏ అగ్నిపర్వతమూ ఒంటరిగా పేలదు. ఏ తోకచుక్కా తోడు లేకుండా భూమి మీదికి రాదు. ఒక సంస్థ తోడేలు కథ కొన్న వారానికి, రెండో సంస్థవారికి చిన్నప్పటి నుంచీ తోడేళ్ళంటే ప్రాణమని బయటపడుతుంది. అందరూ ఒకే హోటల్లో భోంచేస్తారు గనుక అందరికీ ఒకే ఆలోచన వస్తుందని పెద్దలు నిర్ధారించారు.

నా ఉద్యోగం శుక్రవారం సాయంత్రం స్క్రిప్టుల కట్ట ఇంటికి మోసుకుపోయి, సోమవారం ఉదయం ఒక్కొక్క దానిమీద రెండు పేజీల నివేదిక సమర్పించడం. మొదటి పేజీలో కథ, రెండో పేజీలో అభిప్రాయం, అడుగున మూడు గడులు: కొనవచ్చు, ఆలోచించవచ్చు, వద్దు. పంతొమ్మిదేళ్ళుగా మూడో గడి నింపి జీవిస్తున్నాను. వారానికి మూడు రోజులు ఇవతలి సంస్థకు, రెండు రోజులు అవతలి సంస్థకు చదువుతాను. ఇది రహస్యం కాదు. ఎవరూ అడగలేదు, అంతే.

రెండేళ్ళ కిందట ఆ రెండు ఆనకట్టల స్క్రిప్టులనూ, మూడు వారాల తేడాతో, చదివినది నేనే. రెండింటికీ “ఆలోచించవచ్చు” అని గుర్తు పెట్టాను. అది నా స్వభావానికి విరుద్ధం.

ఈ వ్యవహారంతో నాకు ఏ సంబంధమూ లేదు.

ఫిబ్రవరి 19

ఏ సంబంధమూ లేదు.

ఫిబ్రవరి 27, గురువారం

ఇవతలి సంస్థ కథావిభాగం అధిపతి మార్షా జెల్నర్ పిలిపించింది. ఆమె గదిలో థేయర్ అనే న్యాయవాది ఉన్నాడు. మనిషి ఎంత మర్యాదస్థుడంటే, ఆయన కుర్చీ చూపిస్తే నేరం ఒప్పుకోవాలనిపిస్తుంది.

“కూచో వెండెల్. కూచోకపోయినా సరేగాని, పారిపోకు,” అన్నది మార్షా.

అవతలి సంస్థ స్క్రిప్టు ప్రతి ఒకటి ఎలాగో వీరి చేతికి వచ్చింది. రెండు చిత్రాల్లోనూ ఆనకట్ట ఉండటం గురించి వీరికి ఆక్షేపణ లేదు. ఆనకట్ట ఎవరి సొత్తూ కాదు. ఆక్షేపణ ఒక్క దృశ్యం గురించి. రెండింటిలోనూ ముసలి కావలివాడు తూము ఎత్తడానికి వెళ్ళే ముందు గేటు గది మెట్టు మీద కూర్చుని, బూటు లేసు ఊడలాగి, చేతిలోని టార్చిని మణికట్టుకు కట్టుకుంటాడు.

“రెండిట్లోనూ ఎడమ బూటేనండీ ప్రూయిట్ గారూ,” అన్నాడు థేయర్ బాధగా. “కుడిది ఎందుకు కాదంటారు? ఒకడైనా కుడి బూటు ఎందుకు రాయలేదంటారు?”

కుడిచేతి వాటం మనిషికి ఎడమ బూటు అందుబాటుగా ఉంటుందేమో అన్నాను.

“చూశావా, ఇందుకే వీడంటే నాకిష్టం,” అన్నది మార్షా. “వెండెల్, ‘ఎనిమిదో తూము’ మీద నువ్విచ్చిన నివేదిక బీరువాలో కనబళ్ళేదు. ఎక్కడ చచ్చింది?”

వెతుకుతానని చెప్పాను.

రీడర్లందరూ తమ వద్దనున్న సమస్త కాగితాలనూ భద్రపరచవలెనని సర్క్యులరు వచ్చింది. ఆ నివేదిక మా వంటింట్లో, రొట్టెల డబ్బాలో భద్రంగా ఉన్నది. అక్కడికి ఎలా వచ్చిందో ఇదమిత్థంగా చెప్పలేను. అవతలి సంస్థకు ఇచ్చిన నివేదిక కూడా అదే డబ్బాలో ఉన్నది.

మార్చి 4

“ఎనిమిదో తూము” జూన్ 27కు జరిగింది. వెంటనే “పొగమంచులో వరద” జూన్ 20కి జరిగింది. సాయంత్రానికి “ఎనిమిదో తూము” జూన్ 13కి వచ్చింది. ఇదే వేగం కొనసాగితే రెండు చిత్రాలూ నిరుటి క్రిస్మస్‌కు విడుదల అవుతాయని నా అంచనా.

రొట్టెలు ఇప్పుడు ఫ్రిజ్‌లో పెడుతున్నాను.

మార్చి 6, గురువారం

“ఎనిమిదో తూము” రాసిన డెనీస్ హగోపియన్ డోనట్ల కొట్టు దగ్గర ఎదురుపడింది. ఎదురుపడలేదు, కాపు కాసింది. ఇది ఆమె మొదటి చిత్రం. ముప్పై ఏళ్ళ పిల్ల. నన్ను గురువుగారూ అని పిలుస్తుంది, పరిహాసానికే అనుకుంటాను.

“గురువుగారూ, నన్ను దొంగ అంటున్నారు,” అన్నది. “అవతలి వాళ్ళ స్క్రిప్టు దొంగిలించి ఆ లేసు కొట్టేశానట. అవతలి రచయితని అవతలి వాళ్ళు అదే అంటున్నారట పాపం. మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూడను కూడా లేదు.”

“అన్యాయం,” అన్నాను.

“అన్యాయం కాదు, అది నా కథకి మీరు రాసిచ్చిన మందు! మొదట్లో నా ముసలాడు హాయిగా పడవెక్కి పోయేవాడు. ‘ఇతడు తిరిగి వెళ్ళాలి’ అని మీరే కదా మీ రెండో పేజీలో రాసింది. మెట్టు, లేసు, టార్చి, అన్నీ మీవే. మార్షా నాకు ఆ పేజీ చదివి వినిపించింది. నేను ఏడ్చాను. నిర్మాతా ఏడ్చాడు. ఆయన భోజనాల పట్టిక చూసి కూడా ఏడుస్తాడనుకోండి.”

“నాకు గుర్తు లేదు, డెనీస్.”

ఆమె నవ్వింది. తర్వాత నవ్వు ఆపి నా ముఖంలోకి చూసింది.

“ఆ పేజీ దొరక్కపోతే తెర మీద నా పేరు తీసేస్తామన్నారు. మార్షాకి కూడా గుర్తు లేదట, వారానికి నలభై చదువుతుందిగా. గ్లెండేల్‌లో మా వాళ్ళు, ముప్పై నలుగురు హగోపియన్లు, రెండు వరసలు కావాలని హాలువాణ్ణి ఇప్పుడే పీడిస్తున్నారు. ఆ ముప్పై నలుగురికీ నేను ఏమని చెప్పుకోవాలి?” లేచి వెళ్ళబోతూ కిందికి చూసింది. “అవునూ, మిమ్మల్ని లేసులున్న బూట్లలో ఎప్పుడూ చూళ్ళేదేం?”

మడమలకు సుఖంగా ఉండదని చెప్పాను.

ఆ పేజీ బయటపెడితే ఆమె బయటపడుతుంది. ఉద్యోగం పోతుంది, నాది. అది పోయినా బతకవచ్చు. అయితే ఆ పేజీ పత్రికలకు ఎక్కుతుంది. దాని అడుగున నా పేరు ఉన్నది. టులారేకు కూడా పత్రికలు వస్తాయి.

మార్చి 9, ఆదివారం

ఆదివారం గనుక అక్క ఫోను చేసింది.

“తిన్నావా? ఏం తిన్నావ్? అదీ ఒక తిండేనా. సరేగానీ, ఒక సంగతి చెప్తా, నవ్వకు. నిన్న పాలడెయిరీ ఆఫీసు వాళ్ళతో మ్యాట్నీకి పోయా. అసలు సినిమాకి ముందు వేస్తారే, రాబోయే వాటి ముక్కలు? అందులో ఒక ముసలాయన మెట్టు మీద కూచుని బూటు లేసు లాగాడ్రా. లాగి టార్చి చేతికి కట్టుకున్నాడు.”

ఫోనును రెండో చెవికి మార్చుకున్నాను.

“వింటున్నావా? నాన్న లేసు కూడా అట్లాగే పోయుంటుంది కదరా! నీళ్ళలో నాన్న దొరికినప్పుడు ఎడమ బూటుకి లేసు లేదని షెరీఫ్ చెప్పినప్పట్నించీ ఇరవయ్యెనిమిదేళ్ళు తల బద్దలు కొట్టుకున్నా. ఏ కొమ్మకో తట్టుకుందనుకున్నా, చేపలు కొరికాయనుకున్నా. ఇది మాత్రం తట్టలేదు. నీళ్ళలో పోకుండా టార్చి కట్టుకున్నాడు! ఎవడో పుణ్యాత్ముడు ఊరికే కూచుని ఊహించాడు చూడు. మీ ఊరివాడేగా, ఎవడో కనుక్కో. వాడికో కేకు పంపిస్తా.”

కనుక్కుంటానని చెప్పాను.

మార్చి 10

భవిష్యత్తులో ఎవరైనా విచారించినట్లయితే వాంగ్మూలం ఈ విధంగా ఉండవలెను: 1969 జనవరిలో, పొగమంచు రోజున, సాయంత్రం సుమారు నాలుగు గంటలకు, ఆనకట్ట కావలిదారుడైన మా తండ్రి ఆరిన్ ప్రూయిట్ గేటు గదికి వెళ్ళే సమయంలో నేను వంతెన దగ్గర ఉన్నాను. దిగువ ఇళ్ళవారిని హెచ్చరించమని ఆయనే నన్ను బండిచ్చి ముందుగా పంపారు. నేను బయలుదేరేటప్పుడు ఆయన ఇంట్లో కాఫీ తాగుతూ ఉన్నారు. దారి పొడుగునా నేను హారను మోగించినందువల్ల పదకొండు కుటుంబాలు బతికాయి. అందుకు వారు నాకు ఒక చేతిగడియారం బహూకరించారు. అది ఇప్పటికీ సరిగా నడుస్తున్నది.

నేను వంతెన దగ్గర ఉన్నాను.

మార్చి 21

జూన్ 6. మే 30. మే 23.

ఏప్రిల్ 3, గురువారం

అధికారిక విచారణ. టేపు రికార్డరు తిరుగుతూ ఉన్నది. థేయర్ నాకు స్వయంగా మంచినీళ్ళు పోశాడు.

“ప్రూయిట్ గారూ, రెండు స్క్రిప్టులకీ మూలం ఒకటే ఉండాలి. అది మనిషి అయి ఉంటుందని నా నమ్మకం. మీరు అవతలి వాళ్ళకి కూడా చదువుతారట?”

“మంగళవారాలు, బుధవారాలు.”

“చాలా సంతోషం. ఒకే రోగమున్న ఇద్దరికి ఒకే మందు రాసే డాక్టరుంటాడు. అది తప్పు కాదు. మీరు అలాంటిదేమైనా...?”

ఆ క్షణంలో చెప్పి ఉండవచ్చును. ప్రతి రీడరుకూ తనదైన మందు ఒకటి ఉంటుందని, హీరోకు కుక్కను ఇమ్మని ఒకడు, తల్లిని చంపమని ఒకడు చిరకాలంగా ప్రతి స్క్రిప్టుకూ అదే రాస్తారని, దానిని ఈ వీధిలో ఎవరూ నేరమనరని అతనికీ తెలుసు. కానీ నేను ఈ మందు అంతకు ముందు ఎన్నడూ ఎవరికీ రాయలేదు. మొదటి ఆనకట్ట వచ్చినప్పుడు చేయి దానంతట అదే రాసింది. మూడు వారాలకు రెండో ఆనకట్ట వచ్చింది. ఇదివరకే ఇలాంటిది చదివాను అని తిప్పి పంపడం నియమం. తిప్పి పంపలేదు. మొదటిసారి రాసిన తర్వాత ఆ మూడు వారాలూ నాకు నిద్ర పట్టింది. అందుకని మళ్ళీ రాశాను.

“గుర్తు లేదు,” అన్నాను టేపు రికార్డరుతో.

“అయితే హగోపియన్ గారి పేరు తీసేయక తప్పదు,” అన్నాడు థేయర్, ఎవరో పోయినట్టు.

ఏప్రిల్ 13, ఆదివారం

ఫోను ఎత్తకూడదనుకున్నాను. ఎత్తాను.

“ఇంకోటి చూశాన్రా,” అన్నది అక్క. తిన్నావా అని అడగలేదు. “వేరే సినిమా. వేరే ముసలాడు. అదే మెట్టు. అదే ఎడమ కాలు.”

“ఇక్కడ అలాగే జరుగుతుందక్కా. అందరూ ఒకే హోటల్లో...”

“నోర్ముయ్. ఒక్కడైతే ఊహించాడనుకుంటా. వేరువేరు కంపెనీల్లో ఇద్దరికి ఒకే ఊహ ఎట్లా వస్తుంది? ఊహ కాదది. ఎవడో చూశాడు. చూసినవాడు ఇద్దరికీ చెప్పాడు.” ఆమె ఊపిరి వినబడుతున్నది. “ఆ రోజు అక్కడ ఎవరున్నార్రా?”

“నేను వంతెన దగ్గర ఉన్నానక్కా.”

“నువ్వక్కడున్నావా అని నేనడగలేదే.”

ఏ వైపు ఫోను ముందు పెట్టేశారో చెప్పలేను.

ఏప్రిల్ 14

ఫోను మోగింది. ఇంట్లో లేను.

ఏప్రిల్ 16

ఫోను మోగింది. ఇంట్లో లేను. మంచానికీ గోడకీ మధ్య కూర్చుని పద్దెనిమిది మోతలు లెక్కపెట్టాను.

ఏప్రిల్ 20, ఆదివారం

ఫోను మోగలేదు. ఇది అంతకంటే అధ్వానం.

ఏప్రిల్ 25

ఇరు సంస్థలూ ఇక జరగడానికి చోటు లేక మే 9 దగ్గర గుద్దుకుని ఆగిపోయాయి. ఒకే శుక్రవారం రెండు ఆనకట్టలూ తెగుతాయి.

డెనీస్‌కు ఉత్తరం అందింది. ఆమె పేరు లేకుండానే ప్రింట్లు వెళ్ళిపోయాయి. డోనట్ల కొట్టు దగ్గర నన్ను చూసి, అవతలి కాలిబాట మీదికి దాటింది. నిజానికి దాటవలసినది నేను.

రొట్టెల డబ్బాను మూడుసార్లు తెరిచి చూశాను. రెండు నివేదికలూ ఉన్నాయి. కాల్చేద్దామని పొయ్యి వెలిగించి, దాని మీద గుడ్లు ఉడకబెట్టాను.

మే 9, శుక్రవారం

మధ్యాహ్నం పన్నెండున్నరకు తలుపు కొట్టిన చప్పుడు. పోలీసులనుకున్నాను. పోలీసులైతే బాగుండుననుకున్నాను కూడా.

అక్క. ఉదయం టులారేలో బయలుదేరి తొంభై తొమ్మిదో నంబరు రోడ్డు మీద ఒక్కతే వచ్చింది. చేతిలో నాలుగు టిక్కెట్లు.

“ఒంటిగంటకి ఒకటి, నాలుగింటికి ఒకటి. చొక్కా మార్చుకో,” అన్నది.

ఒకే భవనంలో పక్కపక్క హాళ్ళు. మొదటి చిత్రంలో ముసలివాడు మెట్టు మీద కూర్చుని లేసు లాగినప్పుడు వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు. అక్క చీదలేదు. తెర వైపు కాదు, తెర అంచుల వైపు చూస్తున్నది, ఏదో వెతుకుతున్నట్టు. డెనీస్ పేరు పడవలసిన చోట వేరే పేరు పడింది. హాల్లో రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి.

రెండింటికీ మధ్య ఉప్పు జంతిక ఒకటి కొని, సగం విరిచి నాకిచ్చింది. నేను తినేదాకా చూసింది.

రెండో చిత్రంలో కూడా అదే మెట్టు. పక్క హాల్లో తెగుతున్న ఆనకట్ట చప్పుడు గోడలోంచి వినిపించి, మా ఆనకట్ట తెగకముందే మా కుర్చీలు అదిరాయి.

బయట కార్ల మధ్య నిలబడి అక్క మాట్లాడింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

“రెండిట్లోనూ బండి లేదురా.”

“ఏ బండి?”

“ఆ ముసలాళ్ళిద్దరూ ఇంటి నించి గేటు గది దాకా నడిచిపోయారు. మన ఇంటి నించి అది ముప్పావు మైలు. నాన్న మోకాలు నీకు తెలుసు. పక్కింట్లో ఉప్పు అడగడానికి కూడా బండి తీసేవాడు. ఆయన ఆ మెట్టు మీద కూచున్నాడంటే, బండి అక్కడిదాకా తీసుకెళ్ళింది. ఆ తర్వాత బండి వంతెన దగ్గరికి వచ్చింది, నేను చూశా. నాన్న నడపలేదు.”

ఒక కుటుంబం ఐస్‌క్రీములతో మా మధ్య నుంచి నడిచిపోయింది. వారు దాటేదాకా ఇద్దరం మర్యాదగా ఆగాం.

“అన్నీ రాశావు,” అన్నది. “మెట్టు రాశావు, లేసు రాశావు, ఏ కాలో కూడా రాశావు. నిన్ను మాత్రం రాసుకోలేదేం?”

పంతొమ్మిదేళ్ళుగా ఇతరుల కథలో ఏమి లోపించిందో రెండు పేజీల్లో చెబుతున్నవాణ్ణి. చేతిలోని టిక్కెట్టు ముక్కలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

కారులో మా ఇంటి ముందుకు తీసుకువచ్చింది. దిగలేదు.

“నీకు నోటితో రాదు. చిన్నప్పట్నించీ అంతే. పైకి పో, రాసి పట్రా. నేనిక్కడే ఉంటా.”

“ఆలస్యం కావచ్చు.”

“కానీ. నేనెక్కడికీ పోను.”

చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టాను. రొట్టెల డబ్బా తెరిచాను. ఇంకా వెలుతురు ఉన్నది. కిటికీలోంచి కారు కనబడుతున్నది. తొందరగా రాస్తున్నందున దస్తూరి బాగా లేదు, క్షమించ ప్రార్థన.

డిమాండు నం. 1

ఇవతలి, అవతలి సంస్థల కథావిభాగాలకు. నకలు: న్యాయవాది థేయర్ గారికి. నకలు: కింద కారులో ఉన్న వెర్లాకు, పీఠికలో ఆమె మీద విధించిన నిషేధం ఇందుమూలంగా రద్దు చేయడమైనది.

రెండు చిత్రాలలోని సదరు దృశ్యానికి మూలం నేనే. డెనీస్ హగోపియన్ గాని, అవతలి రచయిత గాని ఎవరి వద్దా ఏమీ దొంగిలించలేదు. ఇద్దరి పేర్లూ తెర మీద ఉండవలెను. సాక్ష్యంగా నా రెండు నివేదికలనూ దీనితో జతపరుస్తున్నాను. అవి ఇన్నాళ్ళూ అసంపూర్తిగా ఉన్నవి. కనుక రెండింటిలోనూ, రెండో పేజీలో, “టార్చిని మణికట్టుకు కట్టుకుంటాడు” అను వాక్యం తరువాత ఈ కింది వాక్యాలను చేర్చి, రికార్డులో ఉంచవలెనని డిమాండు చేయుచున్నాను:

“మెట్టుకు ఎదురుగా బండిలో అతని కొడుకు ఉన్నాడు. పంతొమ్మిదేళ్ళవాడు. తండ్రి, ‘ఇంజిను ఆపకురా, రెండు నిమిషాల్లో వస్తా’ అన్నాడు. కొడుకు ఇంజిను ఆపలేదు. కొడుకు బండి కదిపేటప్పటికి, పొగమంచులో ఆ టార్చి వెలుగు ఇంకా కనబడుతూనే ఉన్నది.”